ట్యూసాన్ జెమ్ షోకి మొదటిసారి: ముడిరాయి చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: డాలస్‌లో ఉంటారు, ఆరు నెలల కిందట సెకండ్‌హ్యాండ్ ఫేసెటింగ్ మెషిన్ (రాయికి పలకలు సాన పట్టేది) కొన్నారు, ఇప్పటిదాకా గాజు ముక్కల మీద, సీజెడ్ (క్యూబిక్ జిర్కోనియా అనే కృత్రిమ రాయి) మీద చేయి తిప్పుకున్నారు. ఫిబ్రవరిలో అరిజోనాలోని ట్యూసాన్‌లో జరిగే రత్నాల, ఖనిజాల షోకి వెళ్తున్నారు, చేతిలో 500 డాలర్లు. ఏ రాళ్లు కొనాలి, ఎలా చూసి కొనాలి, మోసపోకుండా ఏం చేయాలి అని అడిగారు.

నేను ఫీనిక్స్‌లో ఉంటాను. పదహారేళ్లుగా ఆ షోకి వెళ్తున్నాను, కొన్నవన్నీ ఇంట్లో నేనే సాన పడతాను. సమాధానం కాస్త పెద్దదే అవుతుంది. మొదట్లో నాకు ఈ మాటలు చెప్పేవాళ్లు లేరు, అందుకే దేన్నీ దాటేయబుద్ధి కావడం లేదు.

ముందు ఒక లెక్క చూడండి. ఫేసెటింగ్‌కి పనికొచ్చే రఫ్‌ని, అంటే ముడిరాయిని, ఎక్కువగా గ్రాముల్లో అమ్ముతారు, తయారైన రాయిని క్యారెట్లలో చూస్తాం. 1 గ్రాము అంటే 5 క్యారెట్లు. 10 గ్రాముల అమెథిస్ట్ ముక్క ఒకటి గ్రాము 4 డాలర్ల చొప్పున 40 డాలర్లు అనుకుందాం. ఆకారం బాగుండి, లోపల శుభ్రంగా ఉంటే సాన పట్టాక పావు వంతు మిగులుతుంది, అంటే 12.5 క్యారెట్లు. తయారైన రాయి క్యారెట్ 3.20 డాలర్లు పడింది. పక్క టేబుల్ మీద అదే రంగు, గ్రాము 2 డాలర్లే. కాకపోతే ముక్క పలచన, నడిమధ్యలో పగులు. 10 గ్రాముల్లో 4 క్యారెట్లు దక్కితే గొప్ప. 20 డాలర్లకు 4 క్యారెట్లు, అంటే క్యారెట్ 5 డాలర్లు. సగం ధరకి తెచ్చుకున్నదే ఎక్కువ ఖరీదు పడింది. అందుకని టేబుల్ ముందు నిలబడ్డప్పుడు ‘గ్రాము ఎంత’ అని అమ్మేవాళ్లని అడిగేముందు ‘ఇందులోంచి ఎంత రాయి బయటికొస్తుంది’ అని మీరే లెక్క వేసుకోండి. ఇక్కడినుంచి నేను రాసేదంతా ఆ లెక్క ఎలా వేయాలన్నదే.

షో సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ట్యూసాన్ జెమ్ అండ్ మినరల్ సొసైటీ దీన్ని 1955లో ఒక ఎలిమెంటరీ స్కూల్లో మొదలుపెట్టింది. ఇప్పుడు జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి సగం దాకా ఊరంతా షోయే: హోటళ్లు, టెంట్లు, గోదాములు అన్నీ కలిపి నలభైకి పైగా చోట్ల అమ్మకాలు జరుగుతాయి. కన్వెన్షన్ సెంటర్‌లో ఫిబ్రవరిలో జరిగే సొసైటీ వాళ్ల అసలు షో కళ్లారా చూడాల్సిందే, ప్రపంచంలోని మేలైన ఖనిజాలు అక్కడికి వస్తాయి. అయితే సాన పట్టడానికి రఫ్ కావాల్సినవాళ్లకి పని జరిగేది ఎక్కువగా టెంట్లలో. కినో, 22వ వీధి, ప్యూబ్లో షోలు మామూలు జనానికి తెరిచే ఉంటాయి. ఏజీటీఏ, జీజేఎక్స్ అనే షోలు వ్యాపారులకి మాత్రమే, కాగితాలు చూపించకపోతే లోపలికి రానివ్వరు. మొదటి రోజుల్లో మంచి సరుకు ఉంటుంది, ఆఖరి రోజుల్లో బేరం కుదురుతుంది. ఇంత బరువు మళ్లీ విమానంలో మోసుకెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు మరి. 500 డాలర్ల బడ్జెట్‌కి నా సలహా మొదటి రోజులే, ఎందుకంటే మీకు కావాల్సింది కొద్ది సరుకు, అది మంచిదై ఉండాలి.

వెంట తీసుకెళ్లాల్సినవి: 10ఎక్స్ లూప్ (పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం), సన్నటి వెలుగు పడే చిన్న ఎల్‌ఈడీ టార్చి, గ్రాములో నూరో వంతు చూపించే జేబు తూకం, నీళ్లు చిమ్మే చిన్న సీసా, తెల్ల కాగితం, గట్టి నియోడిమియం అయస్కాంతం, జిప్ కవర్లు, పెన్ను. డైక్రోస్కోప్ (రాయిలోని రెండు రంగుల్ని పక్కపక్కన చూపించే చిన్న పరికరం) ఉంటే అదీ తెచ్చుకోండి. నగదు తప్పనిసరి.

ఇక రాయి చేతిలోకి వచ్చాక.

కొత్తవాళ్లందరూ చేసే పని, నేనూ చేసిన పని, టార్చిని రాయి వెనక పెట్టి చూడటం. అలా చూస్తే ఏ రాయైనా దీపంలా వెలుగుతుంది. టేబుల్ మీద లైట్‌బాక్స్ పెట్టేది కూడా అందుకే. వెలుగు రాయిలోంచి ఒక్కసారి దాటి మీ కంట్లో పడుతుంది. సాన పట్టిన రాయిలో అలా ఉండదు. పైనుంచి దిగిన వెలుగు అడుగు పలకల మీద తగిలి, మళ్లీ పైకి వస్తుంది, అంటే దాదాపు రెండింతల దూరం రాయిలోనే నడుస్తుంది. కాబట్టి లైట్‌బాక్స్ మీద నిండు ఎరుపుగా కనిపించిన గార్నెట్ ఉంగరంలో బొగ్గులా తేలుతుంది. రంగు చూడాలంటే టార్చి ఆపేసి, రాయిని తెల్ల కాగితం మీద పెట్టి, మామూలు వెలుగులో పైనుంచి చూడండి. అలా కూడా రంగు బతికి ఉంటేనే కొనండి. టెంట్ గుడ్డ పసుపు రంగుదైతే ఆ పసుపు రాయిలోకీ దిగుతుంది. అమ్మేవాళ్లని అడిగి, వాళ్ల కళ్లముందే గుమ్మం దగ్గరికి వచ్చి నీడలో చూడండి. అరిజోనా ఎండ నేరుగా పడితే దేన్నైనా అందంగా చూపిస్తుంది, దాన్నీ నమ్మొద్దు.

మరి టార్చి ఎందుకంటే, పగుళ్ల కోసం. వెనక నుంచి కాకుండా పక్క నుంచి, రాయి అంచుకి ఆనించి వేయండి. రెండో చేత్తో పైన నీడ పట్టండి. ఇప్పుడు రాయిని నెమ్మదిగా తిప్పండి, ఒక చుట్టుకి పది సెకన్లు పట్టాలి. లోపల పగులు ఉంటే ఏదో ఒక కోణంలో చిన్న అద్దం ముక్కలా తళుక్కుమంటుంది, మరుక్షణం మాయమవుతుంది. ఆ తళుకు ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకోండి. తోలుకి, అంటే రాయి పైపొరకి, దగ్గరగా ఉంటే ఎలాగూ అరిగిపోయే భాగంలో పోతుంది. నడుమ ఉంటే ఆ రాయి రెండు చిన్న రాళ్లు, అంతే. ధర కూడా అలాగే కట్టండి.

గులకరాళ్ల సంగతి వేరు. నీళ్లలో దొర్లి వచ్చిన రాయి పైన తోలు గరుకుగా, అద్దానికి ఆవిరి పట్టినట్టు ఉంటుంది, లోపల ఏముందో కనిపించదు. అడిగి నీళ్లు చిమ్మండి. తడి ఉన్న కొన్ని సెకన్లు తోలు తొలగిపోయినట్టే ఉంటుంది, ఆ కాసేపట్లోనే టార్చి వేసి చూసేయాలి. కొందరు వ్యాపారులు నీళ్ల గిన్నె వాళ్లే పెడతారు. రాయిని అందులో ముంచి చూడనిచ్చే మనిషి దగ్గర నేను ఎక్కువ కొంటాను.

తర్వాత ఆకారం. మీరు సీజెడ్ మీద చేసి ఉంటారు కాబట్టి అడుగు పలకల కోణం తగ్గితే ఏమవుతుందో తెలుసు: పైనుంచి చూస్తే నడుమ కిటికీలా తెరుచుకుని అవతలి అక్షరాలు కనిపిస్తాయి. క్వార్ట్జ్‌కి అడుగు కోణం 42, 43 డిగ్రీలైనా ఉండాలి, 40.5 కిందికి దిగితే వెలుగు కారిపోతుంది. ఆ కోణాలు నిలబడాలంటే ముక్క మందం దాని వెడల్పులో కనీసం మూడింట రెండు వంతులు ఉండాలి. పలచని ముక్క ఎంత పెద్దదైనా, దాంట్లోంచి వచ్చే రాయి వెడల్పుని మందమే నిర్ణయిస్తుంది. నా చేతికి బాగా కలిసొచ్చేవి శనగగింజలా, చింతగింజలా బొద్దుగా ఉండేవి. పొడుగు కడ్డీలు దీర్ఘచతురస్రాకారపు ఎమరాల్డ్ కట్‌కి బాగుంటాయి.

అమెథిస్ట్‌లో ఇంకో విషయం ఉంది, ఇది తెలిస్తే చవకలో మంచి రాయి దొరుకుతుంది. అందులో రంగు అంతటా ఒకేలా ఉండదు, చారలు చారలుగా, ఒక మూల చిక్కగా ఉంటుంది. చాలామంది ఆ మచ్చ చూసి ముక్కని పక్కన పెట్టేస్తారు. మీరు పెట్టకండి. ఆ చిక్కటి రంగు రాయి అడుగు కొసలోకి వచ్చేలా ముక్కని డాప్ చేస్తే (సాన పట్టడానికి కడ్డీ కొసకి అంటిస్తే), పైనుంచి చూసినప్పుడు రాయంతా ఆ రంగే పరుచుకుంటుంది. పక్కనుంచి చూస్తే సగం తెల్లగా ఉన్న రాయి, ముఖం వైపు చూస్తే నిండు ఊదా. పళ్లెం అడుగున మిగిలిపోయిన అలాంటి ముక్కలే నేను ఏరుకుంటాను. కొనేముందు ఒక్కటే చూసుకోండి: మచ్చ ముక్కకి ఒక కొసలో ఉండాలి, నడుమ అడ్డంగా పట్టీలా ఉంటే లాభం లేదు.

ట్యూర్మలిన్ చూసేటప్పుడు రెండు వైపులా చూడాలి. కడ్డీని పక్కనుంచి చూస్తే హాయైన ఆకుపచ్చ, కొసనుంచి నిలువునా చూస్తే కొన్నిట్లో నల్లగా మూసుకుపోయి ఉంటుంది. అలాంటిదాన్ని కొస ముఖం అయ్యేలా కోస్తే చీకటే. అయొలైట్ ఇంకా తీవ్రం: ఒక దిక్కున నీలం, మరో దిక్కున పాలిపోయిన పసుపు. నీలం దిక్కు ముక్కలో వెడల్పుగా ఉన్న వైపు పడుతుందా లేదా చూసుకుని కొనాలి. టోపాజ్, కుంజైట్ మీకు ఇప్పుడే వద్దు. వాటికి క్లీవేజ్ ఉంది, అంటే కొన్ని దిక్కుల్లో కట్టెలా చీలిపోతాయి. పైగా కుంజైట్ రంగు ఎండకి వెలిసిపోతుంది.

ఇప్పుడు నకిలీల గురించి. నా రెండో ఏడాది జరిగింది చెప్తాను. ఒక టెంట్‌లో పళ్లెం నిండా లేతాకుపచ్చ గులకరాళ్లు ఉన్నాయి. ట్యూర్మలిన్ అన్నారు. గ్రాము 5 డాలర్లు, 60 గ్రాములు తీసుకున్నాను, 300 డాలర్లు. ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద తూకం పెట్టి, దాని మీద ప్లాస్టిక్ కప్పుతో నీళ్లు పెట్టి, తూకాన్ని సున్నా చేశాను. పెద్ద ముక్క విడిగా 7.50 గ్రాములు. దానికి దారం కట్టి, కప్పు అడుగుకి, గోడలకి తగలకుండా నీళ్లలో వేలాడదీశాను. తూకం 3.00 చూపించింది. 7.50ని 3.00తో భాగిస్తే 2.50. ట్యూర్మలిన్ అయితే 3.06కి అటూ ఇటూ రావాలి. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. ఒక పలక మెరుగు పెట్టి లూప్‌తో లోపలికి చూస్తే గుండ్రటి గాలి బుడగలు. గాజు. మా ఆవిడ ఆ రాత్రి ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధనిపించింది.

ఆ పళ్లెం ముందే నాకు తెలియాల్సిన గుర్తులు మూడు ఉన్నాయి. ఒకటి, ముక్కలన్నీ ఒకే రంగు, వెంట్రుకవాసి తేడా లేదు. భూమిలోంచి వచ్చిన పార్సిల్‌లో (కలిపి అమ్మే రాళ్ల లాటులో) అలా ఉండదు. రెండు, ఒక్క ముక్క మీద కూడా ట్యూర్మలిన్‌కి ఉండే నిలువు గీతలు లేవు. మూడు, ఏ దిక్కు నుంచి చూసినా అదే రంగు. పైన చెప్పిన కొస పరీక్ష అరనిమిషం చేసి ఉంటే 300 డాలర్లు మిగిలేవి.

ఆ నీళ్ల తూకం మీరు మొదటి రాత్రే హోటల్ గదిలో చేయండి, మర్నాడు అదే షోకి తిరిగి వెళ్లే వీలుంటుంది. గుర్తుంచుకోవాల్సిన అంకెలు కొన్నే: క్వార్ట్జ్ 2.65, ఆక్వామెరీన్ 2.7 చిల్లర, ట్యూర్మలిన్ 3.06, పెరిడాట్ 3.34, టోపాజ్ 3.5 పైన, స్పినెల్ 3.60, కెంపు, నీలం 4.00, ఆల్మండీన్ గార్నెట్ 4 పైన. గాజు బరువు రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి అంకె కలిసిందంటే రాయి అసలుదని కాదు. అంకె కలవలేదంటే మాత్రం వాళ్లు చెప్పిన రాయి కాదు. గార్నెట్‌కి అయస్కాంతం కూడా పనిచేస్తుంది: చిన్న ముక్కని నీళ్ల మీద తేలే థర్మకోల్ బిళ్ల మీద పెట్టి అయస్కాంతం దగ్గరికి తెస్తే ఎర్ర గార్నెట్ పడవలా కదిలి వస్తుంది. ఎర్ర స్పినెల్, కెంపు అలా రావు.

అన్నిటికంటే కష్టం ల్యాబ్‌లో పెంచిన రాయిని పట్టుకోవడం. గాజుని చాలాసార్లు బరువు పట్టిస్తుంది, దీన్ని పట్టించదు, ఎందుకంటే పదార్థం అదే. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్న్యూయ్ కృత్రిమ కెంపు పద్ధతిని 1902లోనే ప్రకటించాడు. ఇప్పుడు ఆ కెంపు కడ్డీల్ని పగలగొట్టి, దొర్లించి, గులకరాళ్లలా చేసి పార్సిళ్లలో కలుపుతారు. ల్యాబ్ అమెథిస్ట్ ముక్కలు కూడా అంతే. దీనికి టేబుల్ దగ్గర తేలిక పరీక్ష లేదు. 20 గ్రాముల కెంపు ముక్క లోపల ఒక్క మచ్చ లేకుండా, ఉప్మా ధరకి దొరుకుతోందంటే పళ్లెం అక్కడే వదిలేయండి. మీ బడ్జెట్‌లో కెంపు, నీలం, పచ్చ అసలు ముట్టుకోవద్దనే నా గట్టి మాట. కెంపుల్లో సీసం గాజు నింపినవి, నీలాల్లో బెరిలియంతో కాల్చి రంగు మార్చినవి చాలా తిరుగుతున్నాయి, వాటిని తేల్చాలంటే ల్యాబ్‌కి పంపాల్సిందే.

ఓపల్ గురించి మీరు అడగలేదు కానీ అక్కడికెళ్లాక కళ్లు అటే లాగుతాయి. నీళ్ల సీసాల్లో పెట్టి అమ్మేవాటిని పొడిగా చూడకుండా కొనకండి, తడిలో పగుళ్లు దాక్కుంటాయి. ఇథియోపియా వోలో నుంచి వచ్చేవి మాత్రం రివర్స్: అవి నీళ్లు పీల్చుకుంటాయి, వాటి మీద నీళ్లు చిమ్మి చూడకండి.

మరి 500 డాలర్లతో ఏం కొనాలి? నేనైతే సుమారు 200 క్వార్ట్జ్ జాతికి పెడతాను: అమెథిస్ట్, సిట్రిన్, స్మోకీ. సిట్రిన్ చాలావరకు అమెథిస్ట్‌ని కాల్చి చేసిందే, అది అందరికీ తెలిసిన పద్ధతే, చెప్పి అమ్మితే తప్పు లేదు. 150 గార్నెట్‌కి. ముక్క 1 లేదా 1.5 గ్రాములు దాటనివ్వకండి, పైన చెప్పిన చీకటి కారణం వల్ల. ఎరుపు కంటే కాస్త గులాబీ వైపు ఉండే రోడొలైట్ దొరికితే ఇంకా మంచిది. ఒక 80 డాలర్లు అరిజోనా రాయికే పెట్టండి: శాన్ కార్లోస్ అపాచీల రిజర్వేషన్‌లో తవ్వే పెరిడాట్. ముక్కలు చిన్నవే, కానీ ఆ నిమ్మపచ్చ రంగు చూస్తే వదలబుద్ధి కాదు. మిగతాది చేతిలో ఉంచుకోండి. రెండో రోజు మధ్యాహ్నం ఏదో ఒకటి కనిపిస్తుంది.

గార్నెట్ అంటే నాకు కాస్త పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. మాది కొత్తగూడెం వైపు. అక్కడ గరీబ్‌పేట గుట్ట కింద మట్టిలో ఎర్ర గార్నెట్ గింజలు దొరుకుతాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన పురాతన గార్నెట్ పూసల్ని పరిశోధకులు పరీక్షించి, ఆ రాయి గరీబ్‌పేటదేనని తేల్చారు. చిన్నప్పుడు మా నాయన జేబులోంచి తీసి అరచేతిలో పోసిన ఎర్ర గింజలు ఏ ఊళ్లకి వెళ్లాయో అప్పుడు మాకు తెలియదు. ట్యూసాన్‌లో గార్నెట్ పళ్లెం కనిపిస్తే నేను ఇప్పటికీ ముందు అక్కడే ఆగుతాను.

బేరం సంగతి. మీకు హైదరాబాదీ ఉర్దూ వస్తే అది పెద్ద ఆస్తి. ట్యూర్మలిన్, ఆక్వామెరీన్, కుంజైట్ తెచ్చేవాళ్లలో పెషావర్, కాబూల్ వైపు వ్యాపారులు చాలామంది, జైపూర్ వాళ్లూ ఉంటారు. ‘భాయ్‌సాబ్’ అని పలకరించి కూర్చుంటే చాయ్ వస్తుంది, టేబుల్ కింద డబ్బా కూడా బయటికి వస్తుంది. ఏరుకుంటే ఒక ధర, పార్సిల్ మొత్తం తీసుకుంటే ఒక ధర ఉంటుంది. ఏరుకునే ధర ఎక్కువే అయినా మీరు ఏరుకోండి, మొత్తం తీసుకుంటే సగం పనికిరాని ముక్కలు ఇంటికి మోస్తారు. ముక్కల్ని పళ్లెం మీదే పట్టుకుని చూడండి, ఒక పళ్లెంలోవి ఇంకోదాంట్లో కలపకండి, అది మర్యాద. ‘ఏమైనా ట్రీట్‌మెంట్ చేశారా, ఎక్కడిది’ అని అడిగి, రాయి పేరు, ‘నేచురల్’ అన్న మాట బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అక్కడే ఆగిపోండి. నాకు ఆ గాజు అమ్మిన చోట బిల్లే లేదు, మర్నాడు అడగడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేకపోయింది.

ప్రతి కవర్ మీదా రాయి పేరు, బరువు, గ్రాము ధర, టేబుల్ నంబరు అక్కడికక్కడే రాసుకోండి. నాలుగు టెంట్లు తిరిగాక ఏది ఎక్కడిదో గుర్తుండదు.

ఇంటికెళ్లాక మొదట గార్నెట్ ముక్క ఒకటి డాప్ చేయండి. క్లీవేజ్ భయం లేదు, ఏ దిక్కున చూసినా ఒకే రంగు, కాబట్టి దిక్కు గురించి ఆలోచించకుండా ఆకారాన్ని బట్టి పెట్టేయొచ్చు. అడుగు పలకలు అయ్యాక పై భాగం మొదలుపెట్టే ముందు ఒక ఫొటో ఇక్కడ పెట్టండి, కోణాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్తాను.